ఆరో మడి

పిట్టను విడిచిన 72వ రోజు

రేణిపండూ, నీ పుస్తకంలో నేను రాయబట్టి ముప్పై రెండు రోజులయింది. ఇన్నాళ్ళూ నువ్వు గీసిన గళ్ళలోనే, నువ్వు రాసినట్టే రాశాను. ఏ మడి, అడుగు పడిందా లేదా, పడితే ఎన్ని. ఇవాళ గళ్ళలో పట్టని మాట ఒకటి వచ్చింది. అందుకని వెనక ఖాళీ పేజీ తిప్పాను. అయిదో తరగతి చేతిరాత. తిట్టుకోకుండా చదువుకో.

నువ్వు లేవని నాకు తెలుసు, బిడ్డా. నలభై మూడు రోజులయింది. అయినా ఎవరికో రాయడం కన్నా నీకు రాయడం సులువు. నా తర్వాత ఈ పుస్తకం పట్టేవాళ్ళకు తెలియాలి కాబట్టి నీకు తెలిసిన సంగతులు కూడా రాస్తాను.

మడి అంటే మనిషి పొడుగంత నేల. రాళ్ళేరి, మన్ను జల్లెడ పట్టి, అరచేత్తో చదును చేసి వదిలిపెడితే, రాత్రి దాని మీద నడిచిన ప్రతి ప్రాణీ తన గుర్తు పెట్టి పోతుంది. గుట్ట మీద అలాంటివి అయిదున్నాయి. తెల్లవారగానే నీళ్ళలో తడిపిన చల్లచొక్కా తొడుక్కుని ఎక్కాలి, అయిదూ చూడాలి, మళ్ళీ జల్లించాలి, పది గంటలకు ఊరి సైరన్ ఎండ కూత వేసేలోపు దిగి ఇంట్లో పడాలి. ఆ కూత తర్వాత సాయంత్రం అయిదు వరకూ బయట మనిషి ఉండకూడదు.

ఇవాళ రెండో మడిలో కలివికోడి అడుగులు ఏడు పడ్డాయి. సంతోషపడ్డాను. అంతలో మెడలో వేలాడే పెట్టె మాట్లాడింది. పిట్ట కాలికున్న కడియం ఎక్కడుందో చెప్పేది అదే కదా. "పక్షి రాత్రంతా ఒకే చోట ఉంది. ఉదయం ఏడు గంటలకు కదిలింది. పక్షి క్షేమం" అంది.

కలివికోడి పగలు పొద కింద పడుకుని రాత్రి తిరిగే పిట్ట. రాత్రంతా ఒకే చోట ఉన్నదైతే రెండో మడిలో నడిచింది ఏది? పెట్టె అబద్ధం చెబుతోందా, మన్ను చెబుతోందా?

74వ రోజు

ఇవాళా అంతే. రాత్రి కదల్లేదు, పొద్దున కదిలింది, క్షేమం.

పిట్టను పంపిన కేంద్రానికి పెట్టెలోనుంచే ఫోన్ చేశాను. ఫర్జానా మేడం పలికింది. ఈ పిట్టను గాజు గుడ్డులో పొదిగించి, చేత్తో పెంచి, నీ చేతికిచ్చిన మనిషి. నేను చెప్పిందంతా విని, ఎండలు ముదిరాయి కాబట్టి పిట్ట అలవాటు మార్చుకుని ఉండొచ్చు అంది. ఆపైన మీరు భోంచేశారా, నిద్ర పడుతోందా అని అడిగింది.

ఆ అడగడం నాకు నచ్చలేదు. పిట్ట గురించి చెబితే నా నిద్ర సంగతెందుకు? నూరో రోజున పిట్ట బతికి ఉందని తేలితేనే గుట్ట గుట్టగా ఉంటుంది. లేకపోతే తూర్పు పక్క కరెంటు కోసం కనుచూపు మేర పరిచిన ఆ అద్దాల పొలాలు ఇటు కూడా వచ్చేస్తాయి. కేంద్రానికీ పిట్ట బతికే ఉండాలి. వందేళ్ళుగా లేని జాతిని మళ్ళీ తెచ్చామని చెప్పుకున్నవాళ్ళు, అది చచ్చిందని ఒప్పుకుంటారా? పెట్టెకు ఏం నేర్పి పంపారో ఎవరికి తెలుసు.

అందుకేనేమో నువ్వు పోట్లాడి ఆ రూలు పెట్టించావు. పెట్టె మాట ఒక్కటే చాలదు, కాపలా మనిషి వేలిముద్ర కూడా పడాలి అని. నువ్వు ఉంటే వెయ్యాల్సిన వేలు. ఇప్పుడు నాది.

77వ రోజు

నీ రాతలో ముందు పేజీల్లో దొరికింది. "రోజుకో పొద. నిన్న పడుకున్న చోట ఇవాళ పడుకోదు, గడుసుది." నువ్వు అలా రాశావు. పెట్టె మాత్రం వారం నుంచీ ఒకే కలివి పొదను చూపిస్తోంది.

ఆ పొద దాకా వెళ్ళాను. పెంచలయ్య మామ మేకలు అక్కడే మేస్తున్నాయి. మామ దూరం నుంచే కర్ర ఊపి, ఆ పొదలో పాముంది రావద్దని కేకేశాడు. మా అమ్మ తమ్ముడు, ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తున్నాను, పాములకు అడ్డం నిలబడే మనిషే కాని పాముందని నన్ను వెనక్కి పంపిన మనిషి కాదు. డెబ్బై ఏళ్ళొచ్చాయి, భయం పట్టిందేమో అనుకున్నాను.

వెనక్కి వస్తుంటే మూడో మడి పక్కన బూటు మడమ గుర్తు కనబడింది. మన ఊళ్ళో బూట్లు ఎవరికున్నాయి? అద్దాలవాళ్ళు రాత్రిళ్ళు వచ్చి పిట్ట కోసం వెతుకుతున్నారేమో. ఒక్క చిన్న పిట్ట లేకుండా పోతే వాళ్ళకు గుట్టంతా దక్కుతుంది.

మూడో మడి దగ్గర ఇంకాసేపు ఉండి చూడాల్సింది. ఉండలేకపోయాను. నువ్వు పడిపోయింది అక్కడే కదా.

81వ రోజు

ఇవాళ రెండో మడిలో తొమ్మిది, నాలుగో మడిలో ఆరు. మామ నా కన్నా ముందు చూసి, అమ్మే, ఇటు రా, నీ పిట్ట తిరుగుతాండాది అని పిలిచాడు. ఈ మధ్య అడుగులు ఎప్పుడూ ఆయన కంటికే ముందు పడుతున్నాయి.

నీకు చెప్పని సంగతి ఒకటి రాస్తాను. నీ పదో రోజు రాత్రి, నిన్ను పడుకోబెట్టిన చోట అలికి, బియ్యప్పిండి జల్లించి పలచగా పరిచాము. మన ఇళ్ళలో చేసేదే. పోయిన మనిషి ఏ రూపంలో వచ్చి చూసి వెళ్ళిందో పొద్దున పిండిలో తెలుస్తుందంటారు. మీ నాయనప్పుడు ఏమీ పడలేదు. నీకు పడింది. ఒకే ఒక్క అడుగు. మూడు వేళ్ళు.

మీ అత్త కోడిపిల్ల వచ్చి ఉంటుందంది. కోడికి వెనక వేలు ఉంటుంది. దీనికి లేదు. వెనక వేలు లేని పిట్ట ఈ గుట్టల్లో ఏదో నీ తల్లికి తెలియదా? నేను ఆ అడుగు మీద పలచటి కాగితం పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసుకున్నాను. ఈ పుస్తకం అట్టలో దాచాను. మామకు తప్ప ఎవరికీ చూపలేదు. ఆ మర్నాడే కేంద్రానికి వెళ్ళి, కాపలా ఇంకో ఊరికి పోనివ్వను, నేను చేస్తానని వేలిముద్ర వేశాను.

ఇవాళ ఆ కాగితం తీసి నాలుగో మడిలో అడుగు మీద పెట్టాను. వేలుకు వేలు సరిపోయింది. వెంట్రుక తేడా లేదు. నువ్వేనా, రేణిపండూ?

82వ రోజు

కాదు. ఏదో మోసం జరుగుతోంది.

నిన్న సంతోషంతో నిద్ర పట్టక, పొద్దున్నే నీ పేజీలన్నీ తిరగేశాను. పిట్టను విడిచిన రోజున నువ్వు దాని పాదాలు రెండూ కాగితం మీద ఆనించి గీశావు. పక్కన రాశావు. "నడిమి వేలు పొడుగు. ఎడమ కాలు లోపలికి తిప్పి వేస్తుంది, మా అమ్మలాగే." నేను ఎడమ కాలు అలా వేస్తానని నాకు ఎవరూ చెప్పలేదు.

మడిలో అడుగులకు మూడు వేళ్ళూ ఒకే పొడుగు. పదిహేను అడుగులూ ఒకే కాలివి. ఎంత కుంటి పిట్టయినా రెండో కాలు ఎప్పుడో ఒకప్పుడు ఆనిస్తుంది కదా.

అంటే ఎవరో అచ్చు వేస్తున్నారు.

అది తెలిసిన తర్వాత ఇంకో మాట కూడా తెలుస్తుంది. ఆ మాట ఇవాళ రాయను.

83వ రోజు

ఆరో మడి వేశాను. ఎక్కడో ఇక్కడ కూడా రాయను. పెట్టెను ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టి, మెడ ఖాళీగా వెళ్ళాను. అక్కడి మన్నే జల్లించాను. వెనక్కి వచ్చేటప్పుడు నా అడుగులు కొమ్మతో చెరిపేసుకుంటూ వచ్చాను. దొంగను పట్టడానికి దొంగలా నడవాల్సి వచ్చింది.

దారిలో మీ అత్త ఎదురై, పెట్టె లేకుండా గుట్టకెందుకు పోయావంది. పుల్లలకన్నాను. చేతిలో పుల్ల లేదు. అనుమానంగా చూసింది. చూడనీ. ఈ ఊళ్ళో నేను మాత్రం ఎవరిని నమ్ముతున్నాను?

88వ రోజు

మామ మేకలను తొట్టి దగ్గరికి తోలుకుపోయే దాకా ఆగి, పాముందన్న పొదలో చెయ్యి పెట్టాను. ముళ్ళు గీరుకున్నాయి. పాము లేదు. గుడ్డ మూట దొరికింది. మామ తలపాగా చింపిన గుడ్డ. దాంట్లో పిట్ట కాలి కడియం, పిట్ట పాదంలా మూడు పాయలున్న రేణి పుల్ల ఒకటి.

ఎండ కూత వేశాక మామ ఎప్పటిలా మన వసారాలో కూర్చున్నాడు. సంగటి, పప్పు పెట్టాను. ఆయన ముద్ద కలిపాక ఆ మూట విప్పి కంచం పక్కన పెట్టాను. మామ చూశాడు. చేతిలో ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేశాడు.

ఎన్నాళ్ళయిందని అడిగాను. పద్దెనిమిది రోజులన్నాడు. డెబ్బయ్యో రోజున ఆ పొద కింద కడియం పడి ఉందట. కుట్టు విడిపోయి ఉందట. చుట్టూ ఈక లేదు, నెత్తురు లేదు. నక్క ఎత్తుకుపోయి ఉంటుందనుకున్నాడు. అప్పటినుంచీ పొద్దున దాన్ని రొండిన దోపుకుని మేకల వెంట తిప్పి, ఇంటికొచ్చే ముందు పొదలో దాస్తున్నాడు. కదిలితే చాలు, పెట్టె క్షేమమంటుందని ఆయన కనిపెట్టాడు. పగలూ రాత్రీ తారుమారవుతుందని ఆయనకు తోచలేదు. మేకలు పగలే కదా తిరిగేది.

"నాకు చెప్పాల్సింది మామా" అన్నాను.

"చెప్పను వస్తినమ్మే. నువ్వు జల్లెడ పట్టుకోని ఆ మడితో మాట్లాడతాండావు. యాడ చెప్పేది? గుట్ట పోతే, నా బిడ్డ దేనికి చచ్చిపాయె మామా అని నువ్వు అడిగితే నేనేం చెప్పాల?"

అప్పుడు అట్టలోనుంచి కాగితం తీశాను. ఆ రేణి పుల్ల మీద పెట్టాను. పెట్టకముందే తెలుసు. ఎనభై రెండో రోజునే తెలుసు.

"ఇది పదో దినం పిండిలోది. చూడు మామా."

ఆయన చూడలేదు. గోడ వైపు తిరిగి చెప్పాడు.

"అది కూడా నేనే. పది దినాలు నీళ్ళు తప్ప ముట్టలేదు నువ్వు. పాప పాయె, నువ్వూ పోతాండావు. ఇంగ నేనెవురి కోసరం చూసుకుంటా ఉండాల? ఆ పొద్దు అడుగు చూస్తివి, చూసి సంగటి అడిగితివి. గుర్తుండాదా? రెండు ముద్దలు తింటివి."

గుర్తుంది. మీ అత్త పెట్టింది. చల్లారిపోయిన సంగటి, గోంగూర. నువ్వు వచ్చి నన్ను చూసి వెళ్ళావనుకుని తిన్నాను.

మామకు మళ్ళీ వడ్డించలేదు. ఆయన కూడా ఆ కంచం అలాగే వదిలి లేచాడు. సాయంత్రం మీ అత్త చేత ఆయన ఇంటికి సంగటి పంపాను. ఖాళీ గిన్నె తిరిగి వచ్చింది. ఎవరు తిన్నారో, మేకలు తిన్నాయో.

89వ రోజు

రాయకపోతే ఊపిరాడదు కాబట్టి రాస్తున్నాను.

నువ్వు పోయిన రోజు పొద్దున మనం పోట్లాడుకున్నాం. కేంద్రంలో ఉద్యోగం ఇస్తే వద్దని, ఈ ముళ్ళ గుట్ట పట్టుకుని వేలాడుతున్నావని అన్నాను. నువ్వు సంగటి కంచం పక్కకు నెట్టి వెళ్ళిపోయావు. వెనక నుంచి పిలవలేదు. ఆకలైతే అదే వస్తుందిలే అనుకున్నాను. పిట్ట పొద మారిందని నువ్వు వెతుకుతూ ఉండగా పది కూత వేసింది. ఖాళీ కడుపు. చల్లచొక్కా ఆరిపోయింది. మూడో మడి దాకా వచ్చావు. డాక్టరు వడదెబ్బ అని రాశాడు. నాకు మాత్రం ఆ కంచమే కనబడుతుంది.

అందుకే పిండిలో అడుగు చూసి అంత గట్టిగా నమ్మాను. కోపం లేకుండా వచ్చావనుకున్నాను.

94వ రోజు

అయిదు మడులూ చెరిపి, కొత్తగా జల్లించి, ఆరు రోజులయింది. ఒక్క అడుగూ లేదు. కడియం నా దగ్గరే ఉంది. బియ్యం డబ్బాలో పెట్టాను. కదలడం లేదని పెట్టె గోల పెడుతోంది. కేంద్రం నుంచి ఫర్జానా మేడం రెండుసార్లు ఫోన్ చేసింది. నూరో రోజున రండి, చెబుతానన్నాను.

మామ వచ్చాడు. మన వసారాలో అడుగు పెట్టకుండా వాకిట్లోనే నిలబడి బతిమాలాడు. ఇంకో ఆరు రోజులు కడియం తిప్పుతానన్నాడు. ఊరంతా ఆ గుట్ట మీదే బతుకుతోందన్నాడు. నిజమే. మేకలకు అదే మేత, మనకు అదే నీడ. నేను వేలు వేస్తే ఎవరికీ తెలియదు కూడా.

నీకు తెలుస్తుందని అనబోయాను. నీకు తెలియదు. నువ్వు లేవు. నాకు తెలుస్తుంది, అది చాలన్నాను. మామ ఎండలో నిలబడి దగ్గుతుంటే లోపలికి రమ్మన్నాను. ఒళ్ళు కాలిపోతోంది. వసారాలోనే మంచం వేశాను.

ఆరో మడిలో పురుగుల గీతలు. అంతే.

98వ రోజు

పడ్డాయి.

ఆరో మడిలో పదకొండు అడుగులు. నడిమి వేలు పొడుగు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఎడమది లోపలికి తిరిగి ఉంది. నడిమధ్య ఆగి చెదల పుట్ట చివర గీకి, మళ్ళీ నడిచింది. నీ బొమ్మ పక్కన పెట్టి చూశాను. మూడుసార్లు తీసి మళ్ళీ పెట్టాను.

తర్వాత అనుమానం వచ్చింది. ఇక రాకుండా ఉంటుందా? గుట్ట దిగి నేరుగా మామ మంచం దగ్గరికి వెళ్ళి దుప్పటి ఎత్తి అరికాళ్ళు చూశాను. రాత్రి నేను తడిగుడ్డతో తుడిచింది తుడిచినట్టే ఉన్నాయి. నాలుగు రోజులుగా లేవలేని మనిషి. పైగా ఎడమ కాలి సంగతి నీ పేజీలో తప్ప ఎక్కడా లేదు, మామకు చదవడం రాదు.

కళ్ళు తెరిచి, "ఏమ్మే, ఇంగా బతికే ఉండానా అని చూస్తాండావా" అన్నాడు. నీ సంగతి కాదు, పిట్ట బతికి ఉందన్నాను. ముసలాయన దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాడు.

ఆ అడుగు నీది కాదు, రేణిపండూ. రాయడానికి కష్టంగా ఉంది కాని రాస్తాను. నువ్వు చేత్తో విడిచిన పిట్టది. పిట్ట పిట్టే. కడియం ఊడినా, ఎవరూ చూడకపోయినా, దాని పాటికి అది చెదలు ఏరుకుని తింటోంది.

100వ రోజు

ఫర్జానా మేడం పొద్దున్నే వచ్చింది. బూట్లు వేసుకుంది. మడమ గుర్తు చూడగానే గుర్తుపట్టాను. అడిగితే ఒప్పుకుంది. డెబ్బై నాలుగున నా ఫోన్ తర్వాత తనకూ అనుమానం వచ్చి, నాకు చెప్పకుండా ఒకసారి వచ్చి చూసి వెళ్ళిందట. నన్నే అనుమానించిందట. బిడ్డ పోయిన తల్లి కదా, అడుగులు తానే వేసుకుంటోందేమో అని.

అంతా చెప్పాను. కడియం, పుల్ల ముందు పెట్టాను. మామ మంచంలోనుంచి, తప్పు నాదే, దానిది కాదని చెప్పాడు. మేడం కడియం చేతిలోకి తీసుకుని విడిపోయిన కుట్టు చూసింది. ఆ తర్వాత మెల్లగా అడిగింది.

"అమ్మా, ఆరో మడిలో అడుగులు కూడా ఎవరో వేశారని పైవాళ్ళు అంటే నేను ఏం చెప్పాలి?"

"అనాల. నేనైనా అంటా" అన్నాను. "నా మాట నమ్మొద్దు. మామ మాట నమ్మొద్దు. ఇదో జల్లెడ. నీకు నచ్చిన తావులో నువ్వే మన్ను పట్టు. యాడ పట్టినావో నాకు కూడా చెప్పొద్దు. అడుగు పడేదాకా మా ఇంట్లో ఉండు."

జల్లెడ తీసుకుంది. అయితే ముందు కూర్చోబెట్టి సంగటి పెట్టాను. తొందర పడింది, తర్వాత తింటానంది. తిననిదే గుట్ట ఎక్కనివ్వనన్నాను. నా ముఖం చూసి కంచం దగ్గరికి లాక్కుంది.

103వ రోజు

మూడో పొద్దున ఫర్జానా మేడం గుట్ట దిగి వచ్చింది. మోచేతుల దాకా ఎర్రమన్ను. వాకిట్లో చెంబుతో నీళ్ళు పోశాను. కడుక్కుంటూ ఉండగా అడిగితే ఏం చెబుతుందోనని అడగలేదు. చేతులు తుడుచుకుని ఈ పుస్తకం అడిగింది. నూరో రోజు గడిలో, తేదీ దిద్ది, తన చేత్తో రాసింది. "ఉంది. ఎడమ కాలు లోపలికి." కింద సంతకం. నా వేలు కూడా వెయ్యమంది. వేశాను.

అబద్ధం పెట్టినందుకు మామను ఇక గుట్ట మీదికి మేకలు తోలనివ్వరు. ఆయన ఒప్పుకున్నాడు. పై ఊరి వంక వెంబడి మేపుకుంటాడు. కొత్త కడియం వెయ్యాలా వద్దా అని కేంద్రంలో వాదించుకుంటున్నారట. అంతదాకా మన్నుతోనే లెక్క. గుట్ట ఇంకో ఏడాది గుట్టగానే ఉంటుంది.

పెన్సిలు గీతల కాగితం, ఆ పిండిలోది, పారేయలేదు. అట్టలోనే ఉంచాను. దొంగ అడుగే. అయినా నా చేత తినిపించింది.

ఇవాళ తిరిగొచ్చేటప్పుడు మూడో మడి దగ్గర కూర్చున్నాను. మొదటిసారి. మన్ను జల్లించాను.

కేంద్రం వాళ్ళు వచ్చే నెల కొత్త కాపలా మనిషిని పంపుతారట. నాకు తోడుగా, ఆ తర్వాత నా బదులుగా. ఎవరో తెలియదు. అమ్మాయే అన్నారు. ఈ పుస్తకం నీ చేతికి వస్తుంది, తల్లీ. పెట్టె చెప్పేది విను, కాని మన్ను చూశాకే రాయి. ఆరో మడి ఎక్కడుందో ఒకరోజు నడిపించి చూపిస్తాను. ఇంట్లో ఎవరితోనైనా మాటామాటా అనుకుంటే అనుకో, పొయ్యి మీద సంగటి ఉంటుంది. కంచం నెట్టేసి వెళ్ళొద్దు. గుట్ట ఎక్కే ముందు కూర్చుని, కడుపునిండా తిను.